చావింటికి వెళ్ళిన రోజు ఓటు

పదిహేడో మనిషి లోపలికి వచ్చేసరికి బురుల్ కాళ్ళు బూట్లలో ఇమడమని మొరాయించాయి. బల్ల కింద ఎవరికీ కనపడకుండా మడమలు బయటికి లాక్కుని కూర్చుంది. ఎచ్కిబేల్ ఊరి కార్యాలయంలో నెలకోసారి ఎంపీగా ఆమె అర్జీలు తీసుకునే రోజది. రాజధాని నుంచి కనుమ దాటి ఇక్కడికి చేరడానికి ఆరు గంటలు పడుతుంది, అందులో సగం దూరం రోడ్డనేది పేరుకే. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం రెండయింది. బయట బెంచీ ఇంకా ఖాళీ కాలేదు. ఎవరో తెచ్చిపెట్టిన పాల టీ మీగడ కట్టి చల్లారిపోయింది.

కాలవ నీళ్ళు, ఆగిపోయిన పింఛను, పొరుగువాడి గొర్రెలు మేసిపోయిన గడ్డివామి. అర్జీ ఏదైనా వరస ఒకటే. కాగితం బల్ల మీద పెట్టి, కష్టం చెప్పుకుని, లేవబోతూ జేబులోంచి ఇంకో కాగితం తీస్తారు.

"ఎంపీ పని అయిపోయింది కదమ్మా. ఇక ఈ మందుల చీటీ చూడు. డాక్టరు రాశాడో, చీమలు పాకాయో తెలిసి చావట్లేదు."

బురుల్ కళ్ళజోడు సవరించుకుని చూసేది. అప్పుడే ఆమెకు ప్రాణం కాస్త లేచొచ్చేది. మొదటి కాగితానికి "చూస్తాను, అడుగుతాను" అనడం తప్ప ఏమీ చేతకాదు. రెండోదానికి అక్కడికక్కడే జవాబు చెప్పగలదు.

ఇరవై ఆరేళ్ళు ఆమె ఈ ఊరి మందుల షాపు బల్ల వెనకే నిలబడింది. పాత ప్రభుత్వం ఉన్నన్నాళ్ళు అది సర్కారు షాపు. ఆ ప్రభుత్వం పోయాక అలమరాలతో సహా ఆమె నెత్తినే పడింది. లోయలో ఎవరి బీపీ ఎంతో, ఎవరి గుండె ఎన్నిసార్లు బెదిరించిందో ఆమెకు కంఠతా వచ్చు. పెట్టెకు పెట్టె కొనగలిగినవాళ్ళు లోయ మొత్తానికి పదిమంది ఉంటారేమో. మిగతా అందరికీ కత్తెరతో షీటు కోసి నాలుగు బిళ్ళలు, ఏడు బిళ్ళలు ఇచ్చేది. మందు పేరూ గడువు తేదీ అచ్చయిన కొసను ఆఖరి దాకా కోసేది కాదు. కోసిచ్చిన ప్రతి ముక్క వెనకా అవే పెన్నుతో రాసిచ్చేది. అక్షరాలు ఆనని ముసలివాళ్ళకు పొద్దుటి బిళ్ళ మీద సూర్యుణ్ణీ, సాయంత్రం బిళ్ళ మీద చంద్రుణ్ణీ గీసేది. చంద్రుడు వంకర తిరిగాడని ముసలాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

పార్టీల జాబితాల్లో ఇంతమంది ఆడవాళ్ళుండాలని చట్టం వచ్చిన ఏడాది, లోయ అంతటికీ తెలిసిన ఆడమనిషి కోసం పార్టీవాళ్ళు దీపం పెట్టి వెతికారు. బురుల్ దొరికింది. "లోయకి అంబులెన్సు ఇస్తామంటేనే వస్తా" అంది. "ఒకటేం ఖర్మ, రెండు తెచ్చుకో" అన్నారు. ఎంపీ అయి రెండేళ్ళు దాటింది. అంబులెన్సు ఒక్కటీ రాలేదు.

పార్లమెంటులో ఆమెకు విలువ లేదని అనలేం. కాకపోతే అది సభలో కాదు, వరండాలో. సాటి ఎంపీలు చెయ్యి చాపి నాడి చూడమనేవాళ్ళు. "నిన్న విందులో కాస్త ఎక్కువైందక్కా, తలనొప్పికి ఏమన్నా ఉందా?" అని గుసగుసలాడేవాళ్ళు. సంచీలో పాత అలవాటు కొద్దీ ఉండే కత్తెరను గేటు దగ్గర కాపలావాళ్ళు రోజూ తీసుకుని, సాయంత్రం "మీ ఆయుధం మర్చిపోకండక్కా" అని నవ్వుతూ తిరిగిచ్చేవాళ్ళు. సభలో మాత్రం రెండేళ్ళలో ఆమె మాట్లాడింది మూడుసార్లు. మూడుసార్లూ సగం బెంచీలు ఖాళీ.

పద్దెనిమిదో మనిషిగా సోనున్‌బూబూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నెల కిందటే ఆమె భర్త జుమాష్ పోయాడు. గుండెనొప్పి వస్తే ఎవరిదో కారు బతిమాలి ఆసుపత్రికి తీసుకుపోతుంటే కనుమ మీదే ప్రాణం పోయింది. ముసలమ్మ చేతిలో అర్జీ లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"రా పెద్దమ్మా. బిళ్ళలున్నాయా, అయిపోయాయా?"

"బిళ్ళల సంగతి తరవాత. నాకో మాట చెప్పు బురుల్. మీ పెదనాన్నని సాగనంపిన రోజు నువ్వెక్కడున్నావు?"

"అదేం ప్రశ్న పెద్దమ్మా? నీ పక్కనేగా."

"ఉన్నావు. గుడారంలో మన ఆడవాళ్ళ ఆనవాయితీ ప్రకారం గోడకి తిరిగి నాతో పాటే కూచున్నావు. నా గొంతు పోతే నువ్వే పైకెత్తుకుని శోకాలు పెట్టావు. నీ భుజం నా భుజానికి ఆనుకునే ఉంది. మరి నా మనవరాలు ఫోన్లో చదివి చెప్పిందే, ఆ రోజే పదకొండింటికి మందుల బిల్లుకి సరేనని నువ్వు ఓటేశావట?"

బురుల్ బల్ల కింద మడమలు మళ్ళీ బూట్లలోకి తోసింది.

"షీటు కోసి అమ్మితే ఇక నేరమట. ముద్ర ఉన్న పెట్టె మొత్తం కొనాలట. ఆరొందల ఎనభై సోములు ఒకేసారి నా చేతిలో ఎప్పుడు చూశావే నువ్వు? వారానికి ఏడు బిళ్ళలు నువ్వే కోసిచ్చేదానివి కదే!"

"పెద్దమ్మా, నేను కాదు..."

"అబద్ధాలొద్దు. నీకు రెండు ఒళ్ళన్నా ఉండాలి, లేదంటే రెండు చోట్లలో ఒకచోట ఉన్నది నువ్వు కాకనన్నా పోవాలి. నా పక్కన ఏడ్చింది నువ్వేనని నాకు తెలుసు, ఊరికి తెలుసు. మరి అక్కడ కూచుందెవత్తె?"

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అంబులెన్సు మాట కూడా అడగమన్నారు బయటోళ్ళు. అది ఉంటే మీ పెదనాన్న బతికేవాడో లేదో దేవుడికెరుక. బతికేవాడనే నేననుకుంటా."

మిగతా అర్జీలు ఎలా తీసుకుందో బురుల్‌కి గుర్తులేదు. అక్కడ కూచుందెవరో ఆమెకు తెలుసు. ఆమె కార్డు.

సభలో ప్రతి ఎంపీకీ ఓ కార్డుంటుంది. బల్లలో అది దూర్చి మీట నొక్కితే ఓటు పడుతుంది. సాగనంపే ముందురోజు పొద్దున, జుమాష్ పోయాడని కబురు రాగానే ఆమె తన కార్డు పక్క సీటు రిస్‌బెక్ చేతిలో పెట్టి కారెక్కింది. అందులో తప్పేమీ కనపడలేదు. వాళ్ళ లోయలో చావింటికి వెళ్ళినవాళ్ళ ఆవుని పక్కింటివాళ్ళు పిండుతారు. పొయ్యి ఆరిపోకుండా చూస్తారు, కోళ్ళను మూస్తారు. తిరిగొచ్చాక "పాలేవి?" అని ఎవరూ లెక్క అడగరు. కార్డూ అలాంటిదే అనుకుంది. సభలో అందరూ అలాగే అనుకుంటారు. తిలాపాపం తలా పిడికెడు.

రాజధానికి తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆ బిల్లుకే రెండో ఓటింగు, ఆఖరిది. పొద్దున పార్లమెంటు వరండాలో రిస్‌బెక్‌ని నిలదీసింది.

"హాజరు పడేలా చూడమన్నాను గానీ, ఓటెయ్యమన్నానా తమ్ముడూ?"

రిస్‌బెక్ మంచివాడే. ఆమె ఇచ్చే గ్యాస్ బిళ్ళల మీదే బతుకుతున్నాడు. నిజంగానే బిత్తరపోయాడు.

"హాజరంటే ఓటేగా అక్కా! పార్టీ సరేనంటే సరేనని నొక్కాను. మా అమ్మాయి పెళ్ళికి వెళ్ళినప్పుడు నా పేరున నువ్వేం నొక్కావో నేనెప్పుడన్నా అడిగానా?"

ఆమె గుర్తు చేసుకోబోయింది. ఆ రోజు ఏం నొక్కిందో, ఏ బిల్లుకి నొక్కిందో ఎంత తడుముకున్నా తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన వేలు కూడా ఏ ముసలమ్మ మెడ మీదో పడే ఉంటుంది.

పార్టీ నాయకుడు కదిర్‌కుల్ ఆమెను తన గదికి పిలిపించి, స్వయంగా టీ పోశాడు. గిన్నెలో సగమే పోశాడు, నిండా పోస్తే ఇక లేవమన్నట్టని మర్యాద తెలిసినవాడు. రెండు పేజీల ప్రసంగం ఆమె ముందుకు జరిపాడు.

"ఇది నువ్వే చదవాలి చెల్లమ్మా. మేం చదివితే రాజకీయం. మందుల మనిషివి నువ్వు చదివితే జనం నమ్ముతారు."

"కోసి అమ్మకపోతే మావాళ్ళు మందు మింగడమే మానేస్తారన్నా."

"పేరు లేని ముక్కలు మింగి చచ్చినవాళ్ళు లేరా? నువ్వే చెప్పు."

"ఉన్నారు. పక్క లోయలో ఒకామె నిద్రమాత్రలనుకుని షుగర్ బిళ్ళలు మింగింది. అందుకే కోసిన ముక్క మీద పేరు రాసిచ్చి తీరాలని చట్టం చెయ్యండి. కొయ్యనే కొయ్యద్దంటే ఎట్లా?"

"పెన్నుతో రాసుకుంటే ముద్ర ఎక్కడెయ్యాలి చెల్లమ్మా?" అని నవ్వాడు. దేశంలోని ప్రతి మందుల పెట్టె మీదా ఆ ముద్ర అచ్చువేసే పని ఎవరి బావమరిదికి రాబోతోందో వరండాలో తుడిచేవాళ్ళకి కూడా తెలుసు. కదిర్‌కుల్ నవ్వడం ఆపి, ఫైల్లోంచి ఇంకో కాగితం తీశాడు. ఏడు అంబులెన్సుల జాబితా. మూడో వరసలో ఎచ్కిబేల్ పేరుంది. "ఈ పూట నువ్వు చదువు. రేపు పొద్దున దీని మీద సంతకం పెడతా. నీ మాట నీకు దక్కుతుంది, నా మాట నాకు."

క్యాంటీన్‌లో గొర్రెమాంసం చారు ముందు పెట్టుకుని ఆమె గంట సేపు కూర్చుంది. ఒక్క చెంచా దిగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బిళ్ళలు కావాలి, బండీ కావాలి. రెండూ ఒకే ముసలమ్మకి కావాలి. చదివితే బండి వస్తుంది, కనుమ మీద ఇంకొకరు చావరు. కానీ ఇంట్లో బిళ్ళలు లేక, బండి ఎక్కాల్సినవాళ్ళు పదింతలవుతారు. ఆ లెక్క ఆమెకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళుగా కళ్ళారా చూసిందే. ఒళ్ళంతా అలసట కమ్ముకుంది. షాపు తలుపు తెరుచుకుని, ఆ ఘాటు మందుల వాసనలోకి వెళ్ళిపోయి, మళ్ళీ బయటికి రాకూడదనిపించింది.

రిస్‌బెక్ ఎదురుగా కూలబడ్డాడు. "చదివెయ్ అక్కా. నువ్వొక్కదానివి కాదంటే బిల్లు ఆగుతుందా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు."

"ఆగదని తెలుసు."

"మరి?"

ఆమె చారు గిన్నె పక్కకి జరిపి లేచింది.

మూడింటికి సభ నిండింది. ఆఖరి ఓటింగు కాబట్టి మనుషులు వచ్చారు. రానివాళ్ళ కార్డులు పక్కవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. సభాపతి పేరు పిలిచాడు. బురుల్ రెండు పేజీలు పట్టుకుని మైకు దగ్గరికి నడిచింది. ముందు బెంచీలో కదిర్‌కుల్ ప్రోత్సాహంగా తలూపాడు. ఆమె కాగితాలను మైకు పక్కన బోర్లించింది.

"పోయిన నెల మొదటి ఓటింగులో నా పేరున పడిన ఓటు నేను వేసింది కాదు," అంది. "ఆ పూట నేనిక్కడ లేను. ఎచ్కిబేల్‌లో జుమాష్ అనే పెద్దాయన చావింట్లో ఉన్నాను. ఆయన భార్యే సాక్షి."

గుసగుసలు లేచాయి. సభాపతి గంట కొట్టాడు. "అక్కగారూ, బిల్లు గురించి మాట్లాడండి."

"బిల్లు గురించే బాబూ. నేనూ ఇంకొకరి కార్డు నొక్కాను. దేనికి నొక్కానో నాకే గుర్తులేదు. నేనూ దొంగనే. ఇక నా కార్డు ఎవరికీ ఇవ్వను, ఎవరిదీ ముట్టుకోను. ఈ బిల్లుకి నా ఓటు వద్దనే. ఎందుకంటే..."

మైకు మీది ఎర్రదీపం ఆరిపోయింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట మొదటి బెంచీ దాటలేదు. ఎవరో పకపకా నవ్వారు. "బీపీ బిళ్ళ వేసుకో అక్కా!" అని వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

చెవులు వినపడని గొర్రెల కాపరులకు ఇరవై ఆరేళ్ళు బల్ల అవతల నుంచి మందు వేళలు చెప్పిన గొంతు అది. ఆమె ఊపిరి పీల్చుకుని దాన్ని ఎత్తింది.

"ఎందుకంటే మావాళ్ళు వారానికి ఏడు బిళ్ళలు కొంటారు! ఏడు! పెట్టె కొనలేరు!"

నవ్విన మనిషి ఆగాడు. బెంచీల మధ్య ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ముందు బెంచీలో కదిర్‌కుల్ తొందర పడలేదు. ఫైలు తెరిచాడు. అంబులెన్సుల జాబితా తీశాడు. కలం మూత విప్పి, మూడో వరస మీద గీత లాగాడు. ఆమె చూడాలనే అంత నెమ్మదిగా లాగాడు, ఆమె చూసింది. వచ్చే నెల ఎచ్కిబేల్‌లో బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అంబులెన్సు ఏదని అడుగుతారు.

వేదిక కింద చిన్న బల్ల దగ్గర ఒక స్టెనో అమ్మాయి సభలో అన్న ప్రతి మాటా టైపు చేస్తూ ఉంటుంది. సభాపతి ఆమె వైపు వంగాడు.

"బిల్లుకి సంబంధం లేనివీ, మైకు ఆపాక అన్నవీ రాయక్కర్లేదమ్మా."

"రాయమ్మా," అంది బురుల్. ఈసారి అరవలేదు. "ఆ రోజు నేనిక్కడ లేను. అది రాయి."

అమ్మాయి సభాపతిని చూసింది. బురుల్‌ని చూసింది. ఆ పిల్ల వేళ్ళు మీటల మీద కదలకుండా ఉన్నాయి.