సుఖం కొలిచేవాళ్లు కూర్చున్న కుర్చీ

నేను ఒక కుర్చీని. పనసచెక్క కుర్చీని. ఊరు ముసిడివలస, కొండ కింద, గెడ్డకు అవతలి ఒడ్డున. గెడ్డంటే కొండల్లోంచి దిగే వాగు. వేసవిలో జీపు దాటిపోయే ఇసుక. వానల్లో ఏనుగును కూడా దాటనివ్వదు.

మీరు ముఖం చూసి మనిషిని అంచనా కడతారు. నాకా భాగ్యం లేదు. నాకు తెలిసింది మనిషి రెండోవైపు. ముఖం కన్నా అదే నయం, అబద్ధం చెప్పడం దానికి రాదు. తొందరగా వెళ్లిపోవాలనుకునేవాడు నా అంచున కూర్చుంటాడు. పెత్తనం ఉన్నవాడు వెనక్కి వాలి నా ముందుకాళ్లు గాల్లోకి లేపుతాడు. అడిగినదానికి జవాబు అక్కర్లేనివాడు హాయిగా సర్దుకుని కూర్చుంటాడు. మా ఊరికి వచ్చినవాళ్లలో ఈ మూడోరకమే ఎక్కువ.

నన్ను చేసినవాడు వడ్రంగి ముత్యాలు. గాలివానకు పడ్డ పనసచెట్టు మాను కోసి చేశాడు. చేశాడే గాని ఒక్కసారీ నా మీద కూర్చోలేదు. గట్టిదనం చూడ్డానికి వడ్లబస్తా ఎత్తిపెట్టి, "మోస్తాదిలే" అని వెళ్లిపోయాడు. చేయించుకున్నవాడు ఊరిపెద్ద రామినాయుడు. ఆయనా కూర్చోలేదు. ఆయనకు నులకమంచం ఉంది. నన్ను గోడమేకుకు తగిలించి ఉంచాడు, ఊరికి వచ్చే సర్కారు బాబుల కోసం.

గెడ్డలో జీపు దుమ్ము లేస్తే చాలు, "ఒరే, కుర్చీ దించండర్రా" అని కేక. దించాక భుజం మీది తువ్వాలు తీసి తుడవడం. ఎవరూ కూర్చోని కుర్చీకి మురికి ఎక్కడిది? పక్కనే చీమిడి కారుతూ పిల్లలు నిలబడి ఉంటారు. ఆ ముక్కులు తుడిచినవాణ్ని నేను చూడలేదు.

మొదట్లో వచ్చిన బాబులు పంట అడిగేవారు. గాదెలు నిండి ఉన్న ఏడు కూడా ఊరంతా ఒకే పాట. "ఏటి పంట బాబూ, గింజ మిగల్లేదు." అబద్ధమని వచ్చిన బాబుకు తెలుసు. ఆయనకు తెలుసని వీళ్లకు తెలుసు. ఆయన తగ్గించి రాసుకునేవాడు, వీళ్లు కోడి కోసేవారు. రెండు పక్షాలూ తృప్తిగా విడిపోయేవి.

ఒక వేసవిలో చక్రధరరావు అనే అధికారి వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. నా మీద సర్దుకుని కూర్చున్నాడు. మూడోరకం.

"ఈసారి పంట అడగనండీ" అన్నాడు. "ఎన్ని బస్తాలు పండాయన్నదాన్నిబట్టి మనిషి ఎలా బతుకుతున్నాడో తెలియదు. మీ ఆరోగ్యం, మీ మనశ్శాంతి, ఇరుగుపొరుగుతో మీ మంచిచెడ్డలు... అవి కొలవడానికి వచ్చాను."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బస్తాను మోసి చూసినదాన్ని, మనుషుల్నీ మోసి చూసినదాన్ని. రెండూ ఒకటి కాదని నాకెప్పుడో తెలుసు. కాని కొలిచేవాడు కూర్చుని, కొలిపించుకునేవాళ్లు ఎండలో నిలబడి ఉంటే తేలేది ఏమిటో కూడా నాకు తెలుసు.

ఆయన సంచిలోంచి అట్టముక్కలు తీశాడు. ఒకదాని మీద నవ్వే ముఖం, ఒకదాని మీద ఊరకే ఉన్న ముఖం, ఒకదాని మీద ఏడ్చే ముఖం. చదువు రానివాళ్ల కోసమట. అడిగినదానికి మీ మనసులో ఉన్న ముఖాన్ని ముట్టుకోండి, చాలు అన్నాడు.

మా ఊళ్లో ఏడుపుముఖాన్ని ఎవడు ముడతాడు? ముడితే ఆ ఏడుపు ఇంటికొస్తుంది. పైగా గుమ్మంలోకి వచ్చిన మనిషి బాగున్నారా అంటే బాగున్నామనడమే మర్యాద. లేదంటే వచ్చినవాడికి అశుభం, చెప్పినవాడికి సిగ్గు. అందుకని వరసకట్టి అందరూ నవ్వుముఖాన్నే ముట్టుకున్నారు. కొందరు ముట్టి కళ్లకద్దుకున్నారు. రామినాయుడైతే ఆ ముఖానికి దండం పెట్టాడు.

దాలమ్మ వంతు వచ్చింది. కూలికి పోయే ముసలిది. ముందటేడు వానల్లో దాని కోడలు గెడ్డ ఒడ్డున, నీళ్లు తగ్గడం కోసం చూస్తూ, పురిటినొప్పులతో పోయింది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది. అప్పట్నుంచి ఊరికి ఒకటే కోరిక, గెడ్డ మీద వంతెన. ఇప్పుడు దాలమ్మ కూతురు నీలవేణి పురిటికి పుట్టింటికి వచ్చి, తల్లి పక్కనే పొట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"ఆస్పత్రికి వెళ్లాలంటే ఏమైనా ఇబ్బందా అమ్మా?"

దాలమ్మ ఆయన్ను చూసింది. పక్కనున్న కూతుర్ని చూసింది. కడుపుతో ఉన్న పిల్ల ముందు చావు మాట ఎలా ఎత్తుతుంది?

"ఏటిబ్బంది బాబూ. మీ దయవల్ల బావున్నాం."

నవ్వుముఖాన్ని ముట్టుకుంది. ముట్టిన వేలిని కొంగుకు తుడుచుకుంది. ఆయన తల వంచి రాసుకుంటున్నాడు, చూడలేదు. నేను చూశాను. ఏం లాభం? కుర్చీని ఎవడూ ఏమీ అడగడు.

ఆ కొలతలో ముసిడివలస మండలానికంతా మొదటిదిగా వచ్చింది. సుఖంలో. దానికి బహుమానంగా గెడ్డకు రోడ్డువైపు ఒడ్డున ఒక రాయి పాతారు. నల్లరాతి మీద పసుపు అక్షరాలు, 'ఆనంద గ్రామం'. వంతెన మాత్రం ఏడుపుముఖాన్ని ముట్టుకున్న ఇంకో ఊరికి పోయింది. సుఖంగా ఉన్నవాళ్లకు వంతెన ఎందుకు?

రామినాయుడు రాయిని చూసొచ్చి మీసం దువ్వాడు. "మొత్తానికి మన ఊరికి పేరొచ్చింది."

"పేరెక్కి గెడ్డ దాటుతావేటి, నాయుడూ?" అంది దాలమ్మ.

శ్రావణంలో గెడ్డ పొంగింది. ఆ పొద్దున్నే నీలవేణికి నొప్పులు వచ్చాయి. దాలమ్మ ఎవరినీ అడగలేదు. రామినాయుడి ఇంట్లోకి నడిచి నన్ను మేకు మీంచి దించింది.

"ఒలే, అది బాబులు కూకునేది" అన్నాడు రామినాయుడు.

"నా కూతురూ కూకుంటాది."

ముత్యాలు రెండు వెదురుబొంగులు తెచ్చి నా చేతుల కింద తాళ్లతో బిగించాడు. నీలవేణిని నా మీద కూర్చోబెట్టారు. ఆ పిల్ల బరువు నాకింకా గుర్తుంది. ఎంతమంది బాబుల్ని మోశాను, నన్ను పట్టుకుని కూర్చున్నది మాత్రం ఆ పిల్ల ఒక్కతే. నలుగురు మగాళ్లు భుజాలకెత్తుకుని నీళ్లలో దిగారు. దాలమ్మ నా వెనకకాలు పట్టుకుని మెడలోతు నీళ్లలో నడిచింది. కోడలి పేరు చెప్పి గెడ్డను తిడుతూ నడిచింది. నడిమధ్యలో ఆ కాలు బండకు తగిలి విరిగింది. ముక్క దాలమ్మ చేతిలోనే ఉండిపోయింది. నేను ఒరిగాను గాని పిల్లను వదల్లేదు.

ఒడ్డుకు చేరారు. మూడుకాళ్ల కుర్చీ నిలబడాలంటే ఆనుకోడానికి ఏదో ఉండాలి. ఆనంద గ్రామం రాయి ఉంది కదా. దానికి నన్ను ఆనించారు. ఆ రాయి ఒక మనిషికి పనికిరావడం అదే మొదలు. ఆస్పత్రి బండి వచ్చేలోపే, చుట్టూ చీరలు అడ్డుపెట్టి, బిడ్డను అక్కడే తీశారు. ఆడపిల్ల. గట్టిగానే ఏడ్చింది. ఆ రాయి దగ్గర ఎవరైనా నిజం చెప్పడం కూడా అదే మొదలు.

మళ్లీ వేసవి వచ్చింది. దుమ్మూ వచ్చింది, చక్రధరరావూ వచ్చాడు. సుఖం నిలబడిందా తగ్గిందా చూడాలట. నాకప్పటికి విరిగిన కాలిచోట వెదురు కాలు కట్టి ఉంది. రామినాయుడు అలవాటుగా తువ్వాలు తీసి నన్ను తుడిచాడు. ఆయన అటు తిరిగేలోపు దాలమ్మ మనవరాల్ని ఎత్తుకుని వచ్చి నా మీద కూర్చుంది.

ఊరు నోరు తెరిచింది. అధికారి నిలబడిపోయాడు.

"లే లే, బుద్ధుందా లేదా" అని రామినాయుడు గుడ్లురిమాడు.

"ఉండనివ్వండి" అన్నాడు అధికారి మర్యాదగా. అట్టముక్కలు తీశాడు. "ఎలా ఉన్నారమ్మా?"

"బావులేం బాబూ."

ఆ మాట మా ఊళ్లో వచ్చినవాళ్ల ముందు అంతవరకు ఎవరూ అనలేదు. ఇద్దరు ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. దాలమ్మ అట్టముక్కల వంక చూడనుకూడా లేదు.

"ఈ బొమ్మలొద్దు. వానల్లో రండి. మీకే తెలుస్తాది."

ఆయన నవ్వాడు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"వానల్లో ఎలా వస్తామమ్మా? దారి లేదు కదా."

తానన్న మాట ఆయన చెవికి ఆయనకే కాసేపటికి చేరినట్టుంది. నవ్వు పెదవి మీద ఉండగానే ఆరిపోయింది.

"అదే రాయండి బాబూ" అంది దాలమ్మ. "నా మాటొద్దు. మీ మాటే రాయండి."

ఆయన రాశాడో లేదో నాకు తెలియదు. నా మీద కూర్చుని రాయలేదు కదా. వంతెన ఇంకా రాలేదు. ఏమో, రావచ్చు. నాకు మనుషుల మీద అంత నమ్మకం లేదు.

రామినాయుడు ముత్యాలు చేత కొత్త కుర్చీ చేయించుకుని గోడకు తగిలించాడు. నేను దాలమ్మ వాకిట్లో ఉన్నాను. పిల్ల నా వెదురుకాలు పట్టుకుని నిలబడడం నేర్చుకుంటోంది. కూలి నుంచి వచ్చాక దాలమ్మ నా మీద కూలబడుతుంది. తుడవదు.