గంట తర్వాత వచ్చే కుదుపు

ఆ నెలలో మూడో అద్దం పగిలిన రోజు నాగరత్నమ్మ చీపురు తీసుకుని తనే బండి వెనకభాగం ఊడ్చింది. ఆమె తిట్టినా బాగుండేదని కరుణాకర్‌కు అనిపించింది.

అబిడ్స్‌లో ఆమెది అద్దాల దుకాణం. తండ్రి ఏలూరు నుంచి వచ్చి పెట్టినది. కరుణాకర్ అక్కడ పద్నాలుగేళ్లుగా డ్రైవర్. మునగాల దగ్గరి పల్లెలో కూలి పనులు మాని వచ్చినప్పటి నుంచీ అతనికి తెలిసిన కొలువు ఇదొక్కటే. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలు పట్టేస్తోందని అతను అన్నాడనే మూడేళ్ల కిందట ఆమె పాత పికప్‌ను అమ్మేసి, ఆటోమేటిక్ గేర్ల పికప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇప్పుడు ఆ బండికే కుదుపు పట్టుకుంది.

పొద్దున బాగానే కదులుతుంది. ఓ గంట తిరిగాక ఉన్నట్టుండి గేర్ తనంతట తనే కిందికి పడ్డట్టు బండి కుదిపేస్తుంది. వెనక నిలబెట్టి కట్టిన అద్దాలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. మొదట చూపించిన మెకానిక్ గేర్ ఆయిల్ మార్చాడు. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ మొదలైంది. రెండో మెకానిక్, ఆయిల్ వేడెక్కి పలచబడ్డప్పుడు లోపలి భాగాలు పట్టు తప్పుతున్నాయని, గేర్‌బాక్స్ విప్పక తప్పదని తేల్చాడు. ఇద్దరూ బండిని పదేసి నిమిషాలు తోలి చూశారు. ఇద్దరికీ కుదుపు రాలేదు.

"నాంపల్లిలో రాజమల్లు అని ఒకతను ఉన్నాడట. ఈసారికి అతనికి చూపించు," అన్నది నాగరత్నమ్మ. "అతనూ విప్పాలనే అంటే బండి అమ్మేద్దాం. నాకింక ఓపిక లేదు కరుణాకర్."

తనకు కూడా లేదనుకుంటూ అతను తాళంచెవి అందుకున్నాడు.

రాజమల్లు షెడ్డు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంది. అరవై దాటిన మనిషి. నడుముకు బెల్టు కట్టుకుని మెల్లగా వంగి, మెల్లగా లేస్తాడు. బండిని పైకి లేపి గేర్ ఆయిల్ కొంచెం తీసి వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు. కాలిన వాసన లేదు. తర్వాత లాప్‌టాప్ తెచ్చి బండికి తీగ తగిలించాడు. చాలాసేపు చూసి, కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు.

"దీంట్ల తప్పేం పడలే."

"అంటే నేను అబద్ధం చెప్తున్ననా అన్నా?"

"గట్లెందుకు అంటవ్? రోగం వచ్చినప్పుడే సూడాలె. నువ్వే తోలు. నేను పక్కన కూసుంట. వచ్చేదాంక తిరుగుదాం."

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరారు. రాజమల్లు లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. ఏ గేర్ పడుతోంది, ఆయిల్ ఎంత వేడెక్కింది, కాలు ఎంత తొక్కుతోంది, అన్నీ అందులో కనిపిస్తాయట. అబిడ్స్ మీదుగా కోఠికి వెళ్లి, సుల్తాన్ బజార్ జనంలో అంగుళం అంగుళం జరిగి, బేగం బజార్ వైపు దిగారు. మిరపకాయల బస్తాలు దించుతున్న లారీ వెనక పావుగంట ఆగారు. రాజమల్లు తుమ్మాడు. కరుణాకర్ కిటికీ అద్దం పైకెత్తాడు.

"షుగర్ ఉన్నదా నీకు?" అని రాజమల్లు ఒకసారి అడిగాడు. దారిలో రెండుసార్లు కరుణాకర్ నీళ్ల సీసా ఖాళీ చేయడం చూసి.

"ఉన్నది. మందులు కొన్ని దినాలు తిన్న. తర్వాత ఇడిసిపెట్టిన."

రాజమల్లు తెర వైపు చూశాడు. కాసేపటికి, "ఆయిల్ మంచిగ వేడెక్కి అర్ధగంట అయితున్నది. వేడితోని అయితే ఈపాటికి రావాలె. రాలే," అన్నాడు. "గా రెండో మెకానిక్ చెప్పింది నిజం కాదు."

ఉస్మాన్‌గంజ్ దాటుతుండగా వచ్చింది. బండి ఒక్కసారిగా ముందుకు తూలి, ఇంజిన్ రొద పెట్టి, మళ్లీ సర్దుకుంది. కరుణాకర్ రెండు చేతులతో స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నాడు.

"సూసినవా అన్నా? ఇదే."

"సూసిన. నువ్వు బ్రేక్ తొక్కినవ్ గదా."

"తొక్కలే. కుడికాలు యాక్సిలేటర్ మీదనే ఉండె."

"బ్రేక్ పడ్డట్టే చూపిస్తున్నది గీడ. బ్రేక్ పడ్డదనుకుని బండి గేర్ కిందికి దించింది. ఒక దిక్కు నువ్వు గ్యాస్ ఇస్తున్నవ్, ఒక దిక్కు బ్రేక్. దానికి ఏం చేయాల్నో సమజ్ కాలే." రాజమల్లు మెడ వెనక రుద్దుకున్నాడు. "బ్రేక్ దగ్గర ఒక స్విచ్ ఉంటది. అది లూజై ఉంటది. పక్కకు ఆపు."

ఓ గోదాము ముందు ఆపారు. కరుణాకర్ దిగాడు. రాజమల్లు నడుము పట్టుకుని, స్టీరింగ్ కిందికి తల దూర్చి స్విచ్‌ను కదిలించాడు, తీగలు లాగి చూశాడు. స్విచ్ గట్టిగానే ఉంది. లేచి చాలాసేపు డోర్‌ను పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నది. ఇంకో చక్కర్ కొడదాం."

మొజంజాహి మార్కెట్ దగ్గర మళ్లీ కుదుపు వచ్చింది. ఈసారి రాజమల్లు లాప్‌టాప్ వైపు చూడలేదు. కిందికి చూస్తున్నాడు.

"కరుణాకర్. నీ ఎడమ కాలు యాడున్నది?"

"గాడనే. పక్కకు పెట్టుకున్న."

"జర సూడు."

బండిని మెల్లగా ఎడమకు తీసి ఆపి, కరుణాకర్ తల వంచి చూశాడు. ఎడమ కాలి చెప్పు ఎప్పుడో జారి సీటు కిందికి పోయింది. కాలు తాను అనుకున్న చోట లేదు. కుడివైపుకు జరిగి, బొటనవేలి పక్కభాగం బ్రేక్ మీద ఆనుకుని ఉంది. తన కాలే. కానీ దానికి ఏదో తగులుతోందన్న సంగతి అతనికి అసలు తెలియడం లేదు. కాలును వెనక్కి తీసుకుందామనుకున్నాడు. చూస్తూ తీస్తేనే వచ్చింది.

రాజమల్లు జేబులోంచి తాళంచెవి తీసి, వంగి, ఆ పాదం మీద మొనతో నొక్కాడు.

"తెలుస్తున్నదా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదన్నా."

పాదాన్ని ఎత్తి అడుగుభాగం చూశాడు. మడమ దగ్గర నల్లగా గడ్డకట్టిన రక్తం, దాని మధ్యలో గోరంత గాజుముక్క. ఎన్నాళ్లుగా ఉందో. చుట్టూ చర్మం ఉబ్బి ఉంది.

"తిమ్మిరి అనుకున్న," అన్నాడు కరుణాకర్. "క్లచ్ తొక్కుడు పోయినంక కాలుకు పనే లేకపాయె. మొద్దుబారిందని పట్టించుకోలే."

వెనకనుంచి ఆటోలు హారన్ కొడుతున్నాయి. రాజమల్లు లాప్‌టాప్ మూశాడు.

"గంటసేపు సదురుకుని కూసుంటవ్. అలిసిపోయినంక కాలు జారుతది. గా మెకానిక్‌లు వాళ్ల కాళ్లతోని పది నిమిషాలు తోలితే ఎందుకొస్తది మరి."

కరుణాకర్ సీటు కింది నుంచి చెప్పు లాక్కున్నాడు. "అన్నా, బండిలనే ఏదో ఉన్నదని అమ్మకు చెప్తవా? స్విచ్ అని చెప్పు. నేను ఇగ కాలు సూసుకుంట తోలుత."

"రోడ్డు సూస్తవా, కాలు సూస్తవా?" రాజమల్లు గొంతులో కోపం లేదు. "రేపు అది బ్రేక్ కిందికి పోయి ఇరుక్కుంటే? సుల్తాన్ బజార్ల జనం మీదికి పోతది బండి. గేర్‌బాక్స్ మంచిగున్నదని రాసిస్త. మిగిలింది నువ్వే చెప్పుకో. దిగు, నేను తోలుత. ముందుగాల దవాఖానకు పోదాం."

దవాఖానలో గాజుముక్కను తీసి కట్టు కట్టారు. తీస్తున్నంతసేపూ కరుణాకర్ గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. నొప్పి లేదు. అదే భయంగా ఉంది. బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని నాగరత్నమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, బండి మంచిగనే ఉన్నది."

"మరి ఆ కుదుపు?"

"అది నా కాలుతోని వస్తున్నదమ్మా. కాలుకు తెలుస్తలేదు."

"ఎక్కడున్నావ్?" అని మాత్రం అడిగింది.

నాగరత్నమ్మ వచ్చేసరికి కరుణాకర్ భార్య రజని కూడా చేరుకుంది. సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుట్టే పని ఆమెది. వేళ్లకు ఇంకా దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. కట్టు వైపు చూసి పక్కన కూలబడింది.

"రెండు నెలల కింద ఒక్క చెప్పే ఏసుకుని ఇంటికొచ్చినవ్," అన్నది మెల్లగా. "ఇంకో చెప్పు యాడపాయెనంటే నీకు తెల్వలే. నేను నవ్విన."

నాగరత్నమ్మ వాళ్లకు ఎదురుగా నిలబడి ఉంది. "నేనూ నిన్ను అనుమానించాను కరుణాకర్. నిద్ర చాలక తోలుతున్నావేమో అనుకున్నాను. అడగలేకపోయాను," అన్నది.

"అడిగినా నాకు తెల్వకపోవునమ్మా."

గాయం మానడానికి నెల పట్టింది. స్పర్శ తిరిగి వస్తుందని డాక్టర్ మాట ఇవ్వలేదు. షుగర్ మందులు మానొద్దని, పొద్దునా సాయంత్రం రెండు పాదాలూ తిప్పి చూసుకోవాలని, స్టీరింగ్ మాత్రం పట్టొద్దని చెప్పాడు. నాగరత్నమ్మ అతనికి దుకాణంలో అద్దాలు ప్యాక్ చేసే బల్ల దగ్గర స్టూలు వేయించింది. పికప్ తోలడానికి భూపాల్ అనే కొత్త డ్రైవర్ వచ్చాడు.

మొదటి రోజుల్లో బండి బయల్దేరిన చప్పుడు వినిపిస్తే కరుణాకర్ చేతులు ఆగిపోయేవి. తర్వాత తర్వాత ఆగలేదు. ఏ మలుపులో కుదుపు వస్తుందోనని నెలల తరబడి భుజాలు బిగబట్టుకుని తోలాడు. అవి ఎంత నొప్పి పెట్టాయో ఇప్పుడు తెలుస్తోంది. ఇంటికి వెళ్లగానే నిద్రపోతున్నాడు. బాధపడాల్సినంత పడటం లేదేమోనని ఒక్కోసారి సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గుతో కూడా నిద్ర ఆగడం లేదు.

ఓ సాయంత్రం భూపాల్ ఖాళీ బండి నిలిపి లోపలికి వచ్చాడు. ఆరు పెద్ద అద్దాలు పగలకుండా చేర్చాడు.

"అన్నా, గేర్‌బాక్స్ ఖరాబయిందన్నరు గదా. మక్ఖన్ లెక్క మెత్తగ పోతున్నది. ఏం చేపిచ్చిన్రు?"

"ఏం చేపియ్యలే. డ్రైవర్‌ను మార్చిన్రు," అన్నాడు కరుణాకర్. టేపు చుట్ట అందుకుని, తర్వాతి అద్దానికి కాగితం చుట్టడం మొదలుపెట్టాడు.