గంగాధరప్ప సంతకం

మారుతి గుమ్మం ముందు చెప్పులు విప్పాడు. హేమావతికి భయం పట్టుకున్నది సరిగ్గా అప్పుడే.

అంతకుముందు వచ్చిన వసూలు మనుషులెవరూ చెప్పులు విప్పలేదు. వాళ్ళు బండి హారన్ మోగించేవాళ్ళు. వీధంతా వినేలా బాకీ చదివేవాళ్ళు. మగ్గం పీక్కుపోతామని అరిచేవాళ్ళు. అలాంటివాళ్ళతో హేమావతికి ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు ఒకటంటే ఆమె నాలుగనేది. ఆమె గొంతెత్తితే ధర్మవరం స్టేషన్లో రైలెక్కేవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారని ఆ వీధిలో పేరు.

ఈ గార్లదిన్నె కుర్రాడు అలా కాదు. విప్పిన చెప్పుల్ని పక్కపక్కన సర్ది పెట్టి, "అక్కా, కొంచెం నీళ్ళిస్తావా" అంటూ లోపలికొచ్చి, మగ్గం గుంట అంచున, లోపల నేస్తున్న గంగాధరప్ప భుజం పక్కనే కింద కూర్చున్నాడు.

"ఎండలో వచ్చినాడు పాపం," అన్నాడు గంగాధరప్ప, పోగు చుట్టిన నాడె విసురుతూనే. "మజ్జిగియ్యి హేమా."

మజ్జిగ దాకా వచ్చిందంటే సంతకం ఎంతో దూరంలో లేదు. మొగుడి సంగతి హేమావతికి తెలియనిదా.

గంగాధరప్ప వంక పెట్టడానికి వీల్లేని నేతగాడు. అంచులో నెమళ్ళు దించితే కొంగు మీదికి నడిచొస్తాయేమో అనిపిస్తుంది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒక మాట మాత్రం నేర్చుకోలేదు. లేదు అనే మాట. ట్యాంకరు వస్తే తప్ప నీటి చుక్క దొరకని ఆ ఇంట్లో మూడు నీళ్ళ ఫిల్టర్లున్నాయి, అమ్మేవాళ్ళు మూడుసార్లు వచ్చారు కనుక. బెళుగుప్ప నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకడు ట్రాక్టరు లోనుకు జామీను అడిగితే పెట్టాడు. ఆ చుట్టం ఎవరి వైపు చుట్టమో ఇప్పటికీ తేలలేదు.

ఇక ఫ్రిజ్ సంగతి. పాల ప్యాకెట్లూ ఐసుపుల్లలూ అమ్ముకుందామని ఆరేళ్ళ కిందట హేమావతే ముచ్చటపడి కంతుల మీద తెచ్చుకుంది. లోను కాగితాలు మాత్రం గంగాధరప్ప పేరు మీద ఉన్నాయి. కొన్నాళ్ళు సరిగ్గానే కట్టారు. తర్వాత పట్టు ధర కొండెక్కింది, మగ్గాలు ఆగాయి, కంతులు తప్పాయి. కంపెనీవాళ్ళు ఆటో ట్రాలీ తెచ్చి ఫ్రిజ్ ఎత్తుకుపోయారు. వీధిలోని ఆడవాళ్ళంతా అందులో దాచుకున్న దోసెపిండి కూడా దానితోపాటే పోయింది. ఎదురింటి ఓబమ్మ తన స్టీలు గిన్నె కోసం ఇప్పటికీ హేమావతినే అడుగుతుంది.

ఫ్రిజ్ పోయింది కాబట్టి అప్పూ పోయిందనుకున్నారు. నాలుగేళ్ళు ఎవరూ అడగలేదు కూడా. ఆ తర్వాత పేరే వినని ఇంకో కంపెనీ ఫోన్ చేసింది. మీ అప్పును మేము కొనుక్కున్నాం అంది. వడ్డీలూ జరిమానాలూ కలిపి వాళ్ళు చెప్పిన మొత్తానికి రెండు ఫ్రిజ్‌లు కొని మూడోదానికి అడ్వాన్సు ఇవ్వొచ్చు. అంత డబ్బు తేవాలంటే ఆ ఇంట్లో ఒకటే దారి. రెండో మగ్గం అమ్మాలి. అది హేమావతి మగ్గం. ఆమె చేతులారా సంపాదించుకున్న ఒకే ఒక్క ఆస్తి.

ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ రెబెకా దగ్గరికి అందుకే పరిగెత్తింది.

"కంతు కట్టడం ఆగి మూడేళ్ళు దాటింది కదా," అంది రెబెకా. "ఇంక కోర్టుకు పోయి వసూలు చేసుకొనే గడువు వాళ్ళకు ల్యా. బెదిరిస్తారు, బతిమాల్తారు, అంతే. కానీ ఇంత ఇస్తానని కొత్తగా రాసిన కాగితం మీద మీ ఆయన సంతకం పెట్టినాడనుకో, సచ్చిన పాము లేచి పడగెత్తినట్లే."

"మా ఆయన అడిగితే పెట్టేస్తాడు మేడం."

"పెట్టకుండా చూసుకో. అది నా చట్టంలో ల్యా, నీ చేతుల్లో ఉండాది."

లోను అగ్రిమెంటు, కట్టిన లెక్క, ఆ అప్పు మీ చేతికెట్లా వచ్చిందో చూపే కాగితం పంపండని రెబెకా ఆ కంపెనీకి రిజిస్టరు పోస్టులో రాసింది. కాగితాలు రాలేదు. వాటి బదులు మారుతి వచ్చాడు.

మజ్జిగ తాగి మూతి తుడుచుకొని, మారుతి సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"సగానికి సగం తగ్గించినారన్నా. ఈడ చిన్న సంతకం, అంతే. దుడ్లు నిదానంగా ఇద్దువు. నాకు కమీషనుండాది, అబద్ధమెందుకు చెప్పాల. ఈ నెల ఒక్క సంతకమూ రాల్యా. వట్టి చేతుల్తో పోతే ఉద్యోగం పీకుతామన్నారు."

"అయ్యో," అన్నాడు గంగాధరప్ప. చెయ్యి నాడె వదిలింది.

ఇంట్లోని పెన్నులన్నీ పొద్దున్నే బియ్యం డబ్బాలో దాచిన హేమావతి, మారుతి తన జేబులోంచి పెన్ను తీయడం చూసి పళ్ళు కొరుక్కుంది.

"మేడం అడిగిన కాగితాలు తెచ్చినావా?"

"వస్తాండాయక్కా."

"యాడ్నించి?"

"చెన్నై నుంచి."

"నడిచి వస్తాండాయా? మేం పోస్టు పంపి రెండు నెలలాయె."

"ఊరుకోమ్మే, పిల్లోడు," అన్నాడు గంగాధరప్ప. పెన్ను కోసం చెయ్యి చాచాడు.

"పోగు తెగిండాది చూడు," అంది హేమావతి.

ప్రపంచంలో ఏ నేతగాడూ ఆ మాట విని ఊరుకోలేడు. గంగాధరప్ప పడుగు మీదికి వంగిపోయాడు. లేని తెగిన పోగు కోసం అతను ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతుకుతూనే ఉన్నాడు. మారుతి కాసేపు చూసి, కాగితం మడిచి లేచాడు.

"మల్లొస్తానక్కా," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వే ఆమెకు నచ్చలేదు.

నాలుగు రోజులకు మగ్గం మీంచి చీర దిగింది. పొద్దున్నే వీధి చివర ట్యాంకరు హారన్ వినబడి హేమావతి బిందెలతో పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గుంట ఖాళీ. చీర లేదు, మొగుడు లేడు.

"చీర ఇయ్యను షావుకారు శ్రీరంగప్ప అంగడికి పోయినాడు," ఎదురింటి అరుగు మీంచి ఓబమ్మ చెప్పింది. "ఆ మర్యాద పిల్లోడు బండి మీద ఎక్కించుకొని పోయినాడు. బంగారట్లా పిల్లోడు."

హేమావతి బిందెలు అక్కడే దించింది. గంగాధరప్పకు ఫోన్ చేసింది. ఫోను మగ్గం మీద మోగింది.

షేర్ ఆటో దొరికింది కానీ, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడి కోసమూ ఆగింది. ఒక ముసలామె తన కోడిపెట్ట కాళ్ళకు తాడు కట్టి ఎక్కేదాకా కూడా ఆగింది.

"పోనీప్పా, బిరీన పోనీ," అంది హేమావతి.

"ఎవరికన్నా బాగలేదా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"మా ఆయన సంతకం పెడతాండాడు."

ఆటోలో అందరూ జాలిగా చూశారు. విడాకులనుకున్నట్టున్నారు. ఆ తర్వాత ఆటో ఎక్కడా ఆగలేదు.

శ్రీరంగప్ప అంగడి గుమ్మం దగ్గర చెప్పులు రెండు పక్కపక్కన సర్ది ఉన్నాయి. హేమావతి ఒక్క అంగలో లోపలికి దూకి నోరు తెరిచింది.

శ్రీరంగప్ప వేలు పెదాల మీద పెట్టుకొని కళ్ళెర్రజేశాడు.

కాటా నడుస్తోంది. ధర్మవరంలో నేతకు పట్టు ఇచ్చే ప్రతి షావుకారు దగ్గరా ఉండే పద్ధతే అది. నేతకు ఇచ్చేటప్పుడు పట్టూ జరీ తూచి ఇస్తారు. చీర తిరిగి వచ్చినప్పుడు చీరనూ, మిగిలిన జరీనీ, తెగి రాలిన పోగుల్నీ కూడా తూస్తారు. రెండు తూకాలూ కలవాలి. కలవకపోతే ఆ తేడా కూలిలో పోతుంది. శ్రీరంగప్ప అంగడిలో ఆ కాసేపు ఫ్యాను ఆపేస్తారు, గాలికి అంకెలు ఊగుతాయని. మాట కూడా ఆపేయాలి. మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి తూచి, అనుమానం కింద కూలిలో ఏదో ఒకటి కోస్తాడాయన.

స్టేషను దాకా వినబడే గొంతును మింగుకొని హేమావతి నిలబడింది. ఉక్కపోతకు నుదుటి మీంచి చెమట కారుతోంది. ఎదురుగా మొగుడు. అతని చేతిలో మూత తీసిన పెన్ను. ముందు బల్ల మీద మారుతి కాగితం. సంతకం ఎక్కడ పెట్టాలో ఆ చోటు మీదే మారుతి వేలు ఉంది.

ఆమె కళ్ళతో వద్దంది. గంగాధరప్ప ఆమెను చూసి, వచ్చినావా అన్నట్టు తలూపాడు.

శ్రీరంగప్ప చీర తీశాడు, జరీ పెట్టాడు. జరీ తీశాడు, కవర్లో ముడేసిన పోగులు పెట్టాడు. కళ్ళద్దాలు సర్దుకొని అంకెలు రాసుకున్నాడు.

"సరిపోయింది," అని ఫ్యాను వేశాడు.

హేమావతి గుండెల నిండా గాలి పీల్చుకుంది. కానీ గంగాధరప్పే ముందు మాట్లాడాడు.

"మారుతీ, ఒకటడగాలప్పా. మా ఫ్రిజ్ ఎంత తూగింది?"

"ఏం ఫ్రిజ్ అన్నా?"

"మీవాళ్ళు ఎత్తుకపోయింది. అది మీకు వెనక్కొచ్చింది కదా. దానికెంత ఏసుకొన్న్యారు? అది తీసేసి కదా మిగిలింది రాయాల. ఈ కాగితంలో ఫ్రిజ్ యాడా కనపల్యా."

"అది పాత కంపెనీ అన్నా. మేము వాళ్ళ దగ్గర అప్పు కొన్న్యాం."

"అప్పు మీరు కొన్న్యారు. సరే. ఫ్రిజ్ ఎవరు కొన్న్యారు?"

మారుతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అప్పటిదాకా నోట్లో వక్క నములుతున్న శ్రీరంగప్ప నమలడం ఆపాడు.

"ఉండప్పా," అన్నాడు. "సరుకు వెనక్కి తీసుకొని జమ చేయలేదా?"

"తెలీదు సామీ."

శ్రీరంగప్ప ముఖంలో బాధ కనిపించింది. ఆయన మరక ఉందని కోశాడు, అంచు వంకరగా ఉందని కోశాడు, ఒకసారి చీర నుంచి తాలింపు వాసన వస్తోందని కూడా కోశాడు. కానీ తిరిగొచ్చిన సరుకును తూచకుండా ఎప్పుడూ పక్కన పడేయలేదు.

"దొంగతనానికైనా ఒక పద్ధతి ఉండాలప్పా," అన్నాడు. "నీ ఆఫీసుకు ఫోన్ చెయ్యి. నేనూ వినాల."

మారుతి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. అవతల ఒకావిడ, పొద్దున్నుంచీ ఇవే మాటలు చెప్పి అలిసిపోయిన గొంతుతో మాట్లాడింది.

"ఆ ఖాతాకు ఫ్రిజ్ వివరాలేమీ మా దగ్గర లేవు మారుతీ. అగ్రిమెంటు కూడా రాలేదు. అవన్నీ కస్టమరుకు చెప్పకు. ముందు సంతకం తీసుకో, తర్వాత చూద్దాం."

"మేడం, స్పీకర్లో ఉండారు."

ఫోను కట్టయింది. శ్రీరంగప్ప పొట్ట పట్టుకొని నవ్వాడు. హేమావతి నవ్వలేదు. మొగుడి చేతిలో పెన్ను ఇంకా అలాగే ఉంది.

మారుతి నుదురు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "పోనీ సగంలో సగం రాస్తానన్నా. కంపెనీ కోసం కాదు, నా కోసం. రేపు వట్టి చేతుల్తో పోతే నాకు ఉద్యోగం లేదు. నిజంగా చెప్తాండా."

అది నిజమేనని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది. హేమావతికి తన మగ్గం కళ్ళముందు కదిలింది. ఎవరైనా అరిస్తే ఆమె అరవగలదు. నిజం చెప్పి చేతులు జోడించేవాణ్ణి ఏమనాలో ఆమెకూ తోచలేదు. ఇక గంగాధరప్పకెక్కడ తోస్తుంది?

గంగాధరప్ప కాగితాన్ని మారుతి వైపు జరిపాడు. పెన్నుకు మూత పెట్టాడు. దాన్ని తీసుకెళ్ళి ఆ కుర్రాడి జేబుకే తగిలించాడు.

"లేదప్పా," అన్నాడు.

మాట సరిగ్గా పెగల్లేదు. అలవాటు లేదు కదా. గొంతు సవరించుకొని మళ్ళీ అన్నాడు. "తూకం లేకుండా పెట్టను. లేదు."

మారుతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టి, ఒక్క క్షణం ఆగి, హేమావతి వైపు వంగాడు.

"అక్కా, ఆ లాయరు మేడం నంబరియ్యి."

"నీకెందుకప్పా?"

"మా నాయన పేరు మీద గూడా ఒకటుండాది. టీవీది."

హేమావతి ఇచ్చింది. బండి స్టార్టయి వెళ్ళిపోయింది.

శ్రీరంగప్ప ఇంకా ముసిముసిగా నవ్వుకుంటూనే కొత్త పడుగు తీసి బల్ల మీద పెట్టాడు. "బలే అడిగినావప్పా గంగాధరప్పా. సరే, ఇది తీసుకపో. జరీ ధర పెరిగిండాది కదా, ఈసారి కూలి కొంచెం తగ్గించుకో."

ప్రతిసారీ ఆయన అనే మాటే అది. ప్రతిసారీ వచ్చే జవాబు కూడా ఒకటే కాబట్టి, వినకుండానే రాసుకోవడం మొదలుపెట్టాడు.

"లేదు సామీ," అన్నాడు గంగాధరప్ప.

ఈసారి మాట తడబడలేదు.

శ్రీరంగప్ప తలెత్తి అతన్ని చూశాడు. అతను కదలకపోవడంతో హేమావతి వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వన్నా చెప్పు మీ ఆయనకు."

"నేనేం చెప్పేది సామీ," అంది హేమావతి. "ఈయనకు ఆ మాట వస్తాదని నాకూ ఇప్పుడే తెలిసింది."