చేతులు మారిన మాట

“ఓ కర్రెదానా! కండెలయిపోయినయ్!”

బట్ట నేసే సాంచాల చప్పుడును చీల్చుకుని షెడ్డులోంచి కేక వచ్చింది. వంటింట్లో పప్పు ఏరుతున్న వనిత “ఆఁ” అంటూ సగం లేచింది. లేచాక గుర్తొచ్చింది, ఆ పిలుపు తనది కాదని. రెండేళ్లుగా తనది కాదని. అది సాంచాలకు నూలు కండెలు చుట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన మనిషిది. వనిత మళ్లీ కూర్చుంది.

పెళ్లయి సిరిసిల్లకు వచ్చింది మొదలు పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో ఆమె పేరు కర్రెది. కండెలు చుట్టింది కర్రెదే, ఇంటిల్లిపాదికీ వండింది కర్రెదే, మంచం పట్టిన మామను ఎత్తి కూర్చోబెట్టిందీ కర్రెదే. కూలి అడగని ఆ చేతుల్లో వాళ్లకు రంగు ఒక్కటే కనిపించింది. ఒడియామె పనిలో చేరిన రోజున అత్త లచ్చవ్వ ఆమెను ఎగాదిగా చూసి, “మా కోడలే నయం, పొద్దుగూకినంక గూడ అవుపడ్తది” అంది. అందరికంటే గట్టిగా నవ్వింది వనితే. ఆ రోజే మాట చేతులు మారింది. ఒంటి మీది బరువు దిగినట్టయింది. దిగి ఎవరి మీదికెక్కిందో ఆమె చూడలేదు.

భర్త సంపత్ షెడ్డులోంచి వచ్చి కాగితాలు, పెన్ను ముందు పెట్టాడు. రేపు కోరుట్లలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సభ. మాట్లాడేది అతను, రాసేది, ఎప్పటిలాగే, ఆమె.

“రాయే. మస్కట్‌ల పదకొండేండ్లు, ఇండియోళ్లమని ‘హిందీ, హిందీ’ అని పిలిచిండ్రు గని, ఒక్కడన్న సంపత్ అన్లే. గిదే రేసిజం అని రాయి.”

రాసింది. అతని గొంతు వణికింది. ఆ వణుకు నిజం. అందుకే అడగగలిగింది.

“మరి మనం గామెను కర్రెది అంటున్నం గద. గదేంది?”

అతను నవ్వాడు. “గది రేసిజం ఎట్లయితదే? గాళ్లు షేకులు, మనం దెబ్బలు తిన్నోళ్లం. నేనేమన్న తెల్లగున్ననా?”

“నిన్ను పద్నాలుగేండ్లు పిలిస్తిమి, అరిగిపోయినవా?” గడప దగ్గర కూర్చున్న లచ్చవ్వ అందుకుంది. “ఆమెను అనొద్దంటే మళ్ల నిన్నే అంటం, సూసుకో!”

తల్లీకొడుకులు నవ్వారు. ఈసారి వనిత నవ్వలేదు. అత్త పరిహాసానికే అన్నా అందులో అబద్ధం లేదు. ఆ మాట మోయడానికి ఈ ఇంటికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి. దెబ్బలు తిన్నవాడికి చేయి లేవదని ఎవరన్నారు? తనను అన్నవాళ్ల మీద ఇన్నాళ్లూ కుమిలింది గాని, తప్పించుకుని నవ్విన తనను ఏమనాలో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడా ‘రేసిజం’ అన్న పదం తన చేతిరాతలోనే కాగితం మీద ఉంది.

పెన్ను మూసి షెడ్డులోకి నడిచింది. కండెల మిషన్ ముందున్న ఒడియామె దగ్గర వంగి, “నీ పేరేంది?” అని అడిగింది. ఆమె చేయి ఆగిపోయింది.

“నేను ఏం తప్పు చేసిన, దీదీ?”

పేరు అడిగారంటే పని పోయినట్టేనని ఆమె భయం.

“తప్పు నీది గాదు” అంటూ వనిత తన చెవిని ఆమె నోటి దగ్గర పెట్టింది. ఆ చప్పుడులో పేరు రెండుసార్లు చెప్పించుకుంది.

తిరిగొచ్చేసరికి సంపత్ విసుక్కుంటున్నాడు. “రాసుడు ఇడిశి ఏడికి వోయినవే? ఆ కర్రెదానితోని నీకేం ముచ్చట్లు?”

“కర్రెదని నన్ను పిలువున్రి” అంది వనిత, గొంతు పెంచకుండానే. “అలవాటున్నది, పలుకుత. ఆమె పేరు మినతి.”