గుడ్డ కింద నాలుగు బిళ్ళలు

గ్రంథాలయంలో పిల్లల విభాగానికి బల్ల మీద ఆడే ఆటలను ఎంపిక చేయడం పెద్దమ్మ ఉద్యోగం. అట్టపెట్టెల మీది రాతలంటేనే ఆమెకు ఏవగింపు. 'మేధస్సుకు పదును', 'ఇంటిల్లిపాదికీ ఆనందం' అని బంగారు రంగులో అరిచే పెట్టెను తెరిస్తే లోపల ముప్పాతిక వంతు గాలి, మిగిలిన పావు వంతు వేళ్ళకు అంటుకునే నాసిరకపు రంగు. అటువంటివాటిని ఆమె రెండు వేళ్ళతో పట్టుకుని తిరుగుటపాలో పంపేసేది.

అంతకన్నా రోత పుట్టించినది ఆమెకు చెల్లెలి ఇంట్లో ఎదురైంది.

చెల్లెలి కూతురికి ఏడేళ్ళు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పెద్దమ్మ ఏరి ఇచ్చిన చెక్కముక్కల చిక్కును ఆ పిల్ల తనంతట తాను విప్పుకోకముందే, తండ్రి, అంటే పెద్దమ్మకు మరిది, ఫోనులో దాని జవాబు వెతికి, ఎక్కాల్లా వల్లె వేయించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. చుట్టాలకు పంపే వీడియో కోసం మధ్యలో ఆగమనీ, చూపుడువేలు గడ్డానికి ఆనించి కళ్ళు పైకెత్తమనీ, ఆ తరువాతే చివరి ముక్క పెట్టమనీ నేర్పాడు. ఆలోచనను అభినయంగా మార్చిన ఆ వేలిని చూస్తే పెద్దమ్మకు నోట్లో వెంట్రుక తగిలినట్టయింది. రెండో ఆటకూ అదే గతి పట్టింది.

కాసేపు తెలియకుండా ఉండనిస్తే పిల్లకేం మునిగిపోతుందని ఆమె అడిగి చూసింది.

"మీది మరీ చాదస్తం వదినా," అన్నాడు మరిది. "జవాబు చేతిలో ఉండగా బుర్ర గోక్కోవడం దేనికి?"

పిల్లకు తన బుర్రతో తాను గెలిచిన ఆట ఒక్కటైనా మిగలాలి. పెద్దమ్మ ఆ పట్టుదలతోనే ఫోనులో జవాబు దొరకని ఆటను ఎంచింది. ఒకరు ఆరు రంగుల బిళ్ళల్లోంచి నాలుగింటిని వరుసగా పేర్చి గుడ్డ కప్పుతారు; ఎదుటివారు ప్రశ్నలు వేసి, 'అవును', 'కాదు' అన్న జవాబులతోనే ఆ వరుసను కనిపెట్టాలి.

ఆదివారం సాయంత్రం ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ముందు పిచ్చుక పేర్చింది. పెదవి కొరుక్కుంటూ, రెండుసార్లు మార్చి, ఎవరూ చెప్పకుండానే పేర్చింది. పెద్దమ్మకు ప్రాణం లేచి వచ్చింది. మరిది అడిగిందే అడిగి తికమకపడ్డాడు. కూతురి ముందు అతడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో చెల్లెలు వంటింట్లోంచి పిలిస్తే పిల్ల లేచి వెళ్ళింది. మరుక్షణం అతడు గుడ్డ అంచు ఎత్తి చూసి, పెద్దమ్మకేసి తిరిగి వెకిలిగా నవ్వాడు.

పిచ్చుక ఇంకా గుమ్మంలోనే ఉంది.

పిల్ల తిరిగి వచ్చి కూర్చున్నాక మరిది వేలు గడ్డానికి ఆనించి, కళ్ళు పైకెత్తి, నాలుగు రంగులూ వరసగా చెప్పాడు.

"నువ్వు ఎత్తి చూశావు నాన్నా."

"చూడ్డం కూడా తెలివేనమ్మా. ఎప్పుడు చూడాలో తెలియాలి."

పిల్ల ఏడుస్తుందనీ, అలుగుతుందనీ, బిళ్ళలు విసిరికొడుతుందనీ పెద్దమ్మ ఎదురుచూసింది. ఏది చేసినా సంతోషించేది. పిల్ల మాత్రం తండ్రి ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది.

తరువాతి వంతు పెద్దమ్మది. ఆమె పేర్చి గుడ్డ కప్పగానే పిచ్చుక ఒక ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్న, సగం అనుమానాలను ఒక్క దెబ్బతో కొట్టిపారేసేది. రెండో ప్రశ్న రాలేదు.

"పెద్దమ్మా, అమ్మ నిన్ను పిలుస్తోంది."

వంటింట్లోంచి కుళాయి చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

"పిలవలేదే."

"పిలిచింది. వెళ్ళు."

పిల్ల కళ్ళు గుడ్డ అంచు మీదే ఉన్నాయి. మరిది మురిసిపోతూ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పెద్దమ్మ తానే గుడ్డ తీసి పక్కన పడేసింది. పిచ్చుక నాలుగు రంగులూ గడగడా చదివి, గెలిచానని చప్పట్లు కొట్టి, మళ్ళీ పెట్టమంది.

"దేనికి? నువ్వు అడగడం మానేశావుగా."

"అడక్కపోయినా చూపించావుగా, పెద్దమ్మా."

పెద్దమ్మ బిళ్ళలు ఏరి పెట్టెలో వేసి, మూత బిగించింది.