ఆల్సీడ్ సంచిలో రొయ్యలు

మే నెలలో రొయ్యల వేట మొదలయ్యే రోజు, లూసియానాలో ఆ కాలువ పొడుగునా ఏ ఇంట్లో చూసినా పొద్దున్నే ఒకటే వంట. పెద్ద గిన్నెలో ఉప్పు, కారం, నిమ్మచెక్కలు, బంగాళదుంపలు వేసి నీళ్ళు మరిగిస్తారు. పడవెక్కే వాళ్ళ రొయ్యలు మాత్రం ఎవరివి వాళ్ళకి విడిగా వలసంచుల్లో కట్టి అందులో దింపుతారు. తిరిగి రాబోయే మనిషి రొయ్యలు ఎర్రగా ఉడుకుతాయి. రాని మనిషివి ఎంతసేపు ఉడికించినా బూడిదరంగులోనే ఉండిపోతాయి. అప్పుడు ఆ మనిషి ఆ ఏడు పడవెక్కడు, అంతే. రుచిలో తేడా ఉండదు కాబట్టి వాటినీ తినేస్తారు.

ఎలోడీ వాళ్ళ నాన్న ఆల్సీడ్ సంచి వరసగా రెండేళ్ళు బూడిదరంగులో తేలింది. అరవై ఏళ్ళు వేటాడిన మనిషి, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. ఆ రెండేళ్ళూ ఆయన్ని బతికించింది రొయ్యలే. అదీ ఒక బతుకేనా! "కుర్చీ అటు తిప్పమ్మాయ్, పడవలు కనబడకుండా," అనేవాడు. ఊపిరితిత్తులు ఇంకో చలికాలం చూడవని డాక్టరు చెప్పాక, ఎలోడీ స్నానం చేయించేటప్పుడు తువ్వాలు మొహమ్మీద కప్పుకుని ఏడ్చేవాడు. ఆమె గమనించనట్టే వీపు రుద్దేది.

ఈ ఏడు కూడా సంచి విప్పింది. బూడిదరంగే.

"మామయ్యవి తీశావా?" మేడమెట్ల కింద నుంచి మొగుడు ఉలిస్ అరిచాడు.

"తీస్తున్నా, ఉండు! అంత ఆకలైతే బంగాళదుంపలు తిను."

వెన్న కరిగించి అందులో ఎర్ర కారప్పొడి కలిపింది. ఒక్కో రొయ్యకీ తల నుంచి తోకదాకా పట్టించింది. నాన్నని తన చేత్తో చంపుకుంటున్నానని ఆమెకి తెలుసు. అయినా ఆపలేదు.

బల్లమీద న్యూస్‌పేపర్లు పరిచి అందరివీ కుమ్మరించింది.

"అబ్బో! మామయ్యా, నీవి నావాటికన్నా ఎర్రగా ఉన్నాయే!" అన్నాడు ఉలిస్.

"నువ్వు పుట్టకముందు నుంచీ వేటాడుతున్నానురా. నాతో పోటీయా?"

ఆల్సీడ్ మొదటి రొయ్య వలిచి, తన వేళ్ళకంటిన ఎరుపు చూసుకున్నాడు. తర్వాత కూతుర్ని చూశాడు. వేళ్ళని మెల్లగా ప్యాంటుకి తుడుచుకున్నాడు. వలిచిన పెంకులు పేపరు మడతలోకి తోసేశాడు.

"కారం సరిపోయిందమ్మాయ్," అన్నాడు.

"నేనూ నీతో వస్తా," అన్నాడు ఉలిస్.

"నీ పడవ సంగతి నువ్వు చూసుకో. నాదాంట్లో ఒక్కడికే చోటు."

ముక్కులో గొట్టం తనే తీసి కుర్చీకి తగిలించాడు. మెట్లు దిగడానికి నాలుగుసార్లు ఆగాడు. రేవులో తాడు విప్పుతూ ఎలోడీ, "స్వెటర్ వేసుకో నాన్నా," అంది.

"మే నెలలోనా?" అని నవ్వాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆ నవ్వు వినబడింది. పడవ మలుపు తిరిగేదాకా ఆమె తాడు పట్టుకునే నిలబడింది.

మూడోరోజు పడవ దొరికింది. ఇంజను ఆపేసి ఉంది, వల సగం లాగి ఉంది. ఆల్సీడ్ దొరకలేదు. ఊరంతా కలిసి వెతికి వెనక్కి వచ్చాక ఉలిస్ తడిబట్టలతోనే వంటింట్లో కూలబడ్డాడు.

"ఆ సంచి విప్పింది నువ్వేగా. సరిగ్గా చూశావా?"

"చూశాను. బూడిదరంగులో ఉన్నాయి."

ఉలిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మామయ్యకి తెలుసా?"

"తెలుసు," అంది ఎలోడీ. "నీకు కనబడకుండా వేళ్ళు తుడుచుకున్నాడు."