వెదురు మండపం

పదిమంది పనివాళ్లకి సరిపడా ఉప్మా కలుపుతూ, వంటింటి కిటికీలోంచి విశాలిని చూసి కుళ్లుకున్నాను. మా వీధి సంగీతోత్సవాలకు ఇంటి పక్క ఖాళీ స్థలంలో వెదురు మండపం కట్టడానికి విశాఖ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఆ పిల్ల. ఉత్సవాలయ్యాక విప్పేసే మండపానికి ఎంత హడావుడో! ప్యాంటేసుకుని నిచ్చెన చివర నిలబడి, తాడు బిగించి ముడి వేస్తోంది. కింద మా ఆయన చంద్రశేఖరం, ఉత్సవ కమిటీ కార్యదర్శి, నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"సూసావేటే, ఆడపిల్లంటే అలగుండాల!" అన్నారు, టిఫిను తొందరగా తెమ్మని చెప్పడానికి వచ్చి.

ఒళ్లు మండిపోయింది. నేనూ విజయనగరంలో సివిల్ డిప్లొమా చదివినదాన్నే. పెళ్లయిన కొత్తలో మా మేడ కడుతుంటే, స్లాబుకి కొట్టిన సెంట్రింగు చూద్దామని నిచ్చెన మీద కాలు పెట్టానో లేదో, "ఓలమ్మో, కోడలు నిచ్చెనెక్కితే ఊరోలు ఏటనుకుంటారు? దిగు!" అని అత్తగారు కేకేశారు. "నీకెందుకే ఇయ్యన్నీ, మేస్త్రీకి టీ అట్రా," అన్నారు ఈయన. తెచ్చాను. ఆ రోజు నుంచి తెస్తూనే ఉన్నాను.

ఈయన చూపులకే నా కడుపుమంట అని మొదట అనుకున్నాను. ఛ, ఈయన్ని ఆ పిల్ల పట్టించుకుంటేగా! నాకు కావలసింది ఆ పిల్ల నిలబడ్డ చోటు. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక స్తంభం పట్టుకుని గట్టిగా ఊపాను. ఇసుమంతైనా కదల్లేదు. ఎంత బాగా కట్టింది, పాపిష్టిది!

ప్రారంభం రోజు సన్నాయి మేళం, రంగు దీపాలు, కిటకిటలాడే జనం. విశాలికి శాలువా కప్పారు. తను మైకు అందుకుని, "జగదీశ్వరి అక్క చేతి వంట లేకపోతే ఈ మండపమే లేదు. ఆవిడ మా అన్నపూర్ణ!" అంది. చప్పట్లు మోగిపోయాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను కొంగు నలుపుకుంటూ నవ్వాను గానీ, లోపల చచ్చిపోయాను.

కచేరీ అయ్యాక తిన్నగా విశాలి దగ్గరికి వెళ్లాను.

"శృంగవరపుకోటలో ఇంకోటి కడతావట గదమ్మా. నేనూ వస్తాను."

"అయ్యో, అక్కడ వంటకి మనుషులున్నారక్కా," అంది ప్రేమగా.

"వంటకి కాదు. ఎక్కి కట్టడానికి. నేనూ సివిల్ సదివాను."

విశాలి మొహం చిన్నబోయింది. నా చెయ్యి పట్టుకుని, "సోమవారం వచ్చేయండక్కా," అంది.

పక్కన మా ఆయన పగలబడి నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు.

"మరి ఇంటికాడ వంటేటి?"

"నాకేటి తెలుసు?" అన్నాను.